గాడిద మెరవణి

మా ముత్తాత ఎమ్మిగనూరులో మగ్గాల యజమాని. ఆయన వచ్చి కూర్చుంటే తప్ప ఆ వీధిలో ఏ పంచాయితీ తెగేది కాదు. మా తాత ఆదోనిలో పత్తి జిన్నింగు షెడ్డు పెట్టి, ఈ ఊరి షావుకార్లతో సమానంగా గద్దె మీద కూర్చున్నవాడు. బతికినంతకాలం మా సంఘానికి ఆయనే పెద్ద. చర్చి గోడల రాయి సగం ఆయన బండ్ల మీద వచ్చిందే. మా నాయన ఈ ఇద్దరూ సంపాదించినదాన్ని అనుభవించాడు. అంతకుమించి ఆయన గురించి రాయను. నేను రిటైరైన టీచరును. పాత బజారు దగ్గర ఒక మేడమీద రెండు గదుల్లో అద్దెకు ఉంటున్నాను. మా ఇంటిపేరు చెబితే తలెత్తి చూసేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఒకరిద్దరున్నారు. వాళ్ళూ చూపు మందగించినవాళ్ళే.

మగ్గాల ఇల్లు, షెడ్డు, పొలం అన్నీ పోయాక మాకు మిగిలింది ఒక్కటే. మట్టల ఆదివారం నాడు సంఘమంతా ఈత మట్టలు పట్టుకుని బజారుగుండా చర్చికి నడుస్తుంది. అందరికంటే ముందు ఒక గాడిద నడుస్తుంది. దాని పగ్గం మా ఇంటివాళ్ళ చేతిలో ఉంటుంది. మొదట ముత్తాత, తర్వాత తాత, ఆ తర్వాత నాయన, ఆయన పోయాక నేను. గాడిద మీద ఎవరూ కూర్చోరు. యేసు యెరూషలేములోకి వచ్చింది గాడిదపిల్ల మీద గనుక, ఆయన కూర్చున్న చోట మరొకరు కూర్చోకూడదని ముత్తాత పెట్టిన నియమం. దాని ఖాళీ వీపు మీద మగ్గం నుంచి దించిన తెల్ల పంచె ఒకటి పరుస్తాం, అంతే.

ఈ ఆచారం భక్తిలో పుట్టలేదు, అవమానంలో పుట్టింది. ముత్తాత బాప్తిస్మం తీసుకున్న కొద్దిరోజులకే సొంత దాయాదులు ఆయన్ను పట్టుకుని, సగం గుండు గీసి, మెడలో చెప్పుల దండ వేసి, గాడిద మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఎమ్మిగనూరు వీధులన్నీ తిప్పారు. ఊరేగింపును మా వైపు మెరవణి అంటారు. పెళ్ళికొడుకుకు మెరవణి చేస్తారు, దేవుడికి మెరవణి చేస్తారు. దొంగకూ, కట్టు తప్పినవాడికీ గాడిద మెరవణి చేస్తారు. ఆ దెబ్బకు ముత్తాత ఊరు విడిచిపోతాడని అందరూ అనుకున్నారు. ఆయన పోలేదు. ఆ మరుసటి మట్టల పండుగకు అదే గాడిదను కొని, దాని వీపున పంచె పరచి, అవే వీధుల్లో తానే పగ్గం పట్టి నడిపించాడు. పిల్లలు వెంటపడి "గాడిద మెరవణి! గాడిద మెరవణి!" అని కేకలు వేస్తే, "ఔనప్పా, గాడిద మెరవణే. మా రాజు దీనిమిందనే వచ్చినాడు" అన్నాడట. అప్పటినుంచి ఊరివాళ్ళ నోట మా పండుగ పేరు అదే. తాత ఆదోనికి మారినప్పుడు ఆచారం వెంట వచ్చింది, పేరూ వెంట వచ్చింది. మా ఇంట్లో ఎవరూ దాన్ని తిట్టుగా తీసుకోలేదు. బిరుదుగానే తీసుకున్నాం.

తాత ఆదివారం బడిలో ఈ పాఠం చెప్పే తీరు నాకు బాగా గుర్తుంది. చేతికర్ర నేలకు ఆనించి, "యూదులు రోమా దొరల్ని తన్ని తరిమే రాజు కోసరం కాసుకోని ఉండిరి. వీధి ఆ కొసన గుర్రం వస్తాదని చూస్తాంటే, ఈ కొసన గాడిద వచ్చె. యాడ గుర్తుపడతారు పాపం!" అనేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. యూదులంటే మాకు తప్పు వైపు మెడ తిప్పుకుని నిలబడ్డ జనం.

టీచరు ట్రైనింగుకు పోయినప్పుడు అక్కడి లైబ్రరీలో యూదుల పండితుడొకాయన రాసిన పుస్తకం దొరికింది. చదివితే నాకు సిగ్గేసింది. గాడిద మీద వచ్చే రాజు మాట అసలు వాళ్ళదే. వాళ్ళ ప్రవక్త చెప్పిందే. దాన్ని వాళ్ళు మరచిపోనూ లేదు. జనం యోగ్యులైతే ఆయన మేఘాల మీద వస్తాడని, కాకపోతే బీదవాడిలా గాడిద మీద వస్తాడని వాళ్ళ పెద్దలు తర్కించుకున్నారు. యుద్ధం గెలిచే రాజు వస్తాడన్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు, ముందు ఒకడు యుద్ధంలో చచ్చిపోతే తర్వాత ఇంకొకడు వచ్చి ఏలుతాడన్నవాళ్ళూ ఉన్నారు. ఎవరు ఎలా చెప్పినా కొలత మాత్రం ఒకటి: ఆయన వస్తే కత్తులు నాగటి కర్రులవుతాయి. కత్తులు ఇంకా కత్తులుగానే ఉన్నాయి గనుక ఆయన ఇంకా రాలేదంటారు. తాత ఈ సంగతి మాకు చెప్పలేదు. చెప్పి ఉంటే మాకు నవ్వడానికి ఏమీ దొరికేది కాదు.

ఇక ఇప్పటి సంగతి. మా సంఘానికి కొత్త పాస్టరు వచ్చాడు. కోస్తా మనిషి, వయసు నలభై లోపు, గొంతు పెద్దది. వచ్చిన కొన్నాళ్ళకే పరిశుద్ధ దేశ యాత్రకు పోయి, ఒక పొట్టేలు కొమ్ము బూర, ఒక చారల శాలువా, కారు ముందు పెట్టుకునే యూదుల దేశపు చిన్న జెండా తెచ్చుకున్నాడు. ప్రతి ఆదివారం ప్రసంగానికి ముందు ఆ కొమ్ము ఊదుతాడు. దూడ తప్పిపోయిన బర్రె అరిచినట్టు ఉంటుంది. జనం కళ్ళు తుడుచుకుంటారు.

మట్టల పండుగకు ఇంకా నెల ఉందనగా ఆయన ప్రసంగంలో ఒక కథ చెప్పాడు. యెరూషలేములో వాళ్ళను తిప్పిన గైడు యూదుడట. "మెస్సీయా ఎప్పుడో వచ్చేశాడు బాబూ, మీరే చూడలేదు అన్నాను. ఆ గైడు ఏమన్నాడో తెలుసా? 'మంచిది. ఆయన వస్తే యుద్ధాలు ఆగాలి. ఆగాయా?' అని నన్ను తిరిగి అడిగాడు!" పాస్టరు చేతులు చాచి నవ్వాడు. చర్చి నిండా నవ్వారు. అందులో నవ్వు ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. ఆ గైడు అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబుగా మా పాస్టరు మాకు చెప్పింది ఇది: "ఆగవు! ఎందుకంటే ఈసారి ఆయన యుద్ధానికే వస్తున్నాడు! తెల్ల గుర్రం మీద!" అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న ఆమె, చీమ కనబడితే ఊది పక్కకు తోసే మనిషి, లేచి నిలబడి కొట్టింది.

ఆరాధన అయ్యాక చర్చి పక్క గదిలోకి నన్ను పిలిచారు. పాస్టరు, మా సంఘ కార్యదర్శి ఇద్దరే ఉన్నారు. కార్యదర్శికి మార్కెట్టు యార్డు దగ్గర ఎరువుల దుకాణం ఉంది. చిన్నప్పుడు నా దగ్గర చదువుకున్నాడు. ఎక్కాలు వచ్చేవి కావు.

"ఈ ఏడాది నుంచి గాడిద వద్దనుకుంటున్నామమ్మా," అన్నాడు పాస్టరు. "మొన్న బజార్లో ఒకాయన 'మీ గాడిద మెరవణి ఎప్పుడండీ' అని అడిగాడు. అదేంటని కార్యదర్శిగారిని అడిగితే అర్థం చెప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది."

"ఊరంతా నవ్వుతాండారక్కా," అన్నాడు కార్యదర్శి. "యినాయకుని మెరవణికి డీజేలు. దర్గా ఉరుసుకు గుర్రాలు, ఒంటెలు. మనకేమో గాడిద. మా పిల్లోల్లు బజార్లో మొగం ఎత్తుకోల్యాకుండారు."

"దానిమింద వచ్చినందుకు యేసయ్యకు సిగ్గు ల్యా. నీకెందుకప్పా?"

"అది మొదటి రాకడమ్మా," పాస్టరు ఓపిగ్గా, పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "అప్పుడు గొర్రెపిల్ల. రెండో రాకడలో సింహం. తెల్ల గుర్రం, తలమీద కిరీటాలు, చేతిలో కత్తి."

"నోట్లో," అన్నాను.

"ఏంటమ్మా?"

"కత్తి నోట్లోనుంచి వస్తాదని బైబిల్లో రాసుండాది. చేతిలో అని యాడా ల్యా. ఆ గుర్రమాయన గెలిచేది మాటతో. చదువుకోని రాండి."

కార్యదర్శి నవ్వబోయి దగ్గాడు. పాస్టరు మొహం ఎర్రబడింది. "నోట్లో కత్తి పెట్టుకుని గుర్రం మీద ఎలా కూర్చోమంటారమ్మా?"

గాడిద బదులు గుర్రం తెస్తున్నారని, దాని మీద కూర్చునేది ఆయనే అని నాకు అప్పుడు తెలిసింది.

"ఆయన చోట నువ్వు కూసుంటావా, నాయనా?"

"ఇది చూసేవాళ్ళకు అర్థం కావడానికమ్మా. డ్రామా లాంటిది."

"ఆ గైడుకు యేం జవాబు చెప్పినారు?"

"ఏ గైడు?"

"యుద్ధాలు ఆగినాయా అని అడిగినాడంటివే, ఆయప్పకు."

"అవిశ్వాసికి జవాబేంటమ్మా! టిప్పిచ్చి బస్సెక్కేశాం."

కార్యదర్శి మధ్యలోకి వచ్చాడు. "సరే, అక్క మాట తీసెయ్యొద్దు. ముందర గుర్రం, నడుమ జనం, యెనకాల గాడిద. అట్ల చేస్తే పాయె."

"మా ఇంటోల్లు ఎప్పుడూ యెనకాల నడవల్యా."

"ఇంటోల్లు యాడుండారక్కా ఇప్పుడు?" అన్నాడు వాడు. "నువ్వొక్కదానివే గదా."

లేచి వచ్చేశాను. ఎక్కాలు రానివాడు ఈ లెక్క మాత్రం సరిగ్గా చేశాడు.

మరునాడు గాడిదల ఆయన దగ్గరికి పోయాను. ఊరి చివర కొండకింద ఉంటాడు. వాళ్ళ నాయన కాలం నుంచి మా పండుగకు గాడిద వాళ్ళదే. పాదరసం లాంటి మనిషి, నోరు ఊరుకోదు. నన్ను చూడగానే, "రామ్మా, మీ పెద్దమనిషి ఆడ మేస్తాంది," అని బూడిదరంగు ఆడగాడిదను చూపించాడు. పగ్గం కింద చర్మం రాసుకుపోయి ఉంది. దాని చుట్టూ ఇంకొన్ని గాడిదలు ముళ్ళకంప నీడలో నిలబడి ఉన్నాయి.

సంగతి చెప్పాను. అతను తల గోక్కున్నాడు. "అట్లయితే కష్టమేనమ్మా. ఇసకకు ట్రాక్టర్లు వచ్చె, రాళ్ళకు ఆటోలు వచ్చె. వీటికి పనే ల్యా. మీ పండగ ఉండాదని మీ సంఘమోల్లు ఏటా జొన్నలు, సొప్ప ఇస్తారు. దాంతో దీన్ని మేపుకుంటా, దీని పేరు చెప్పుకోని మిగతావి గూడా బతుకుతాండాయి. ఈ యేడు గుర్రం అంటే అన్నిటినీ ఒకేసారి తోలేస్తా. కోస్తా బేరగాడు ఊరికే ఫోన్ చేస్తాండాడు."

"బేరగానికి గాడిదలెందుకు? ఆడేం మోస్తాయి?"

"మోసేదానికి కాదమ్మా, కూరకి!" అతను నవ్వాడు. "తింటే బలమంట. దాని రగతం తాగి ఉరికితే ఆయాసం రాదంట. ఏం మనుషులో!"

గాడిద నా వైపు చూసింది. ఏ భావమూ లేని చూపు. మా తాత కాలం లాగా వెనక దొడ్డి ఉంటే ఎవరినీ ఒక్క మాట అడిగేదాన్ని కాదు, ఆ పూటే ఇంటికి తోలుకుపోయేదాన్ని. మేడమీద రెండు గదుల్లో గాడిదను ఎక్కడ కడతాను? అందుకని ఒకటే నిర్ణయించుకున్నాను. పండుగ నాడు ఎప్పటిలాగే పగ్గం పట్టుకుని అందరికంటే ముందు నిలబడతాను. పక్కకు నెట్టేవాడు ఎవడో చూస్తాను. నేను ముందు నడిస్తే ఆచారం నిలుస్తుంది. ఆచారం నిలిస్తే సంఘం జొన్నలు ఇవ్వక తప్పదు. గాడిద బతుకుతుంది. అతనితో అదే చెప్పాను.

"నువ్వు నడువమ్మా, నేను తోలుకొస్తా," అన్నాడు. "అయినా ఆ గుర్రం ఎవురిదో తెలుసునా? బ్యాండు మేళమోల్లది. పెండ్లిగుర్రం. మొన్న మా అక్క కొడుకు దానిమిందనే ఊరేగినాడు."

మట్టల ఆదివారం తెల్లవారుతూనే ఎండ మొదలైంది. నేను ఉతికి గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుని, పంచె మడత చేతపట్టుకుని బజారు మొదట్లో, ఎప్పుడూ బయలుదేరే చోట నిలబడ్డాను. అతను గాడిదను తెచ్చి పగ్గం నా చేతికిచ్చాడు. పంచె పరిచాను. జనం వచ్చారు. కొందరు నాకు వందనాలు చెప్పి చూపు తిప్పుకున్నారు. తర్వాత గుర్రం వచ్చింది. తెల్లదే, కానీ పెళ్ళి అలంకారం విప్పలేదు. మెడకు అద్దాల పట్టీ, నుదుట ఎర్రకుచ్చు, జీను మీద జరీ. దాని మీద పాస్టరు. తెల్ల అంగీ, నడుముకు ఎర్రపట్టా, బంగారు కాగితం అంటించిన థర్మోకోల్ కిరీటం, చేతిలో పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ కత్తి. వెనక బ్యాండు మేళం. దాని వెనక కుర్రవాళ్ళు, మట్టలకు బదులు పాస్టరు కారు ముందున్నలాంటి జెండాలు పట్టుకుని.

కార్యదర్శి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, పక్కకి రా. అనుకున్యాం గదా, యెనకాల అని."

"నేను అనుకోల్యా."

"ఇప్పుడు గలాటా వద్దక్కా, అందురూ చూస్తాండారు."

"చూడనీ. చూసేదానికే గదా మీ డ్రామా."

అంతలో మేళం మొదలైంది. పెళ్ళికొడుకును విడిదికి తెచ్చేటప్పుడు వాయించే పాటే వాయించారు. వాళ్ళకు వచ్చింది అదే. ఆ పాటకు అలవాటుపడిన గుర్రం ముందుకాళ్ళు ఎత్తి, నడుము ఊపుతూ ఆడడం మొదలుపెట్టింది. పాస్టరు ఒక చేత్తో జూలు పట్టుకుని ఇంకో చేత్తో కత్తి ఎత్తాడు. "జయం! జయం!" అని కుర్రవాళ్ళు ఊగిపోయారు. సెల్‌ఫోన్లన్నీ పైకి లేచాయి. పాస్టరు పడిపోతాడేమోనని నేను ఎదురుచూశాను. దాచుకోవడమెందుకు, అదే కోరుకున్నాను. పడలేదు. ఆయనకు ఆ ఆట నచ్చింది. ఇంకోసారి వాయించమని సైగ చేశాడు.

ఆ చప్పుడుకు గాడిద బిగుసుకుపోయింది. పగ్గం లాగాను, కదలలేదు. మెడ నిమిరాను, చెవులు వెనక్కి వాల్చి నిలబడింది. గాడిదల ఆయన వెనకనుంచి నెట్టాడు. "నడువే తల్లీ, నీ బతుకే నీ కాళ్ళమింద ఉండాది!" అని బతిమాలాడు. అది రాయిలా నిలబడింది. గుర్రం మా పక్కనుంచి పోయింది. మేళం పోయింది. జనం రెండుగా చీలి మాకు అటూ ఇటూ పోయారు. నేను బడిలో చదువు చెప్పినవాళ్ళు, మా తాత పెళ్ళిళ్ళు చేయించినవాళ్ళ మనవలు, అందరూ పోయారు. ఎవరూ నన్ను నెట్టలేదు. నెట్టవలసిన అవసరం ఎవరికీ రాలేదు. బజారు ఖాళీ అయ్యాక గాడిద తనంతట తాను అడుగు వేసింది. వెనకాల నడవనన్నాను, అందరి వెనకాలా నడిచాను.

ముందు పోయినవాళ్ళు విడిచిన దారి అది. నీళ్ళ ప్యాకెట్లు, నలిగిన కాగితాలు, ఎక్కడపడితే అక్కడ గుర్రం లద్దె. ఉగాది మరునాడు కైరుప్పల ఊళ్ళో పిడకల సమరం చూసినదాన్ని. అక్కడ పిడకలతో కొట్టుకునేవాళ్ళకు అది పేడ అని తెలుసు. మావాళ్ళు దీన్ని మహిమ అంటున్నారు. మసీదు బజారు దగ్గర కుర్రవాళ్ళు కావాలని ఆగి గొంతులు పెంచింది నాకు దూరం నుంచే వినబడింది. టోపీల దుకాణం ఆయన షట్టరు సగం దించి లోపల నిలబడ్డాడు. ఏటా ఆయన బయటికొచ్చి గాడిదకు దారి ఇమ్మని తన గిరాకీలకు చెప్పేవాడు. నేను ఆయన వైపు చూడలేక తల దించుకుని దాటాను. మా ఇంట్లో తల దించుకుని బజారులో నడిచినవాళ్ళు అంతకుముందు లేరు. ముత్తాత కూడా దించలేదు, చెప్పుల దండతో.

పత్తి షావుకారు ఒకాయన, మా తాతను ఎరిగిన ఇంటివాడు, గద్దె మీదనుంచి పలకరించాడు. "ఏమ్మా టీచరమ్మా, ఇంత గొప్పగా పోతాండారు, ఎవురి పెండ్లి?"

"పెండ్లి కాదు. మట్టల పండగ."

"అట్లనా! మరి గుర్రంమింద పెండ్లికొడుకు?"

"మా పాస్టరు."

ఆయన నా వెనక గాడిదను, దాని వీపున పంచెను చూశాడు. "అయితే ముందర పోయిన మెరవణిలో సామి ల్యాడన్నమాట," అన్నాడు. ఎగతాళిగా అనలేదు. దేవుడు లేకుండా మెరవణి ఎట్లా జరుగుతుందని నిజంగానే అడిగినట్టు అన్నాడు. ఖాళీ వీపు మీద మా దేవుడు కూర్చుని ఉంటాడని ఆ ఇంట్లో మూడు తరాలుగా తెలుసు. మా సంఘంలో తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎందరున్నారో నాకు తెలియదు.

చర్చి చేరేసరికి ప్రసంగం నడుస్తోంది. గేటు దగ్గరినుంచే మైకులో వినబడింది. "యూదులూ కాచుకున్నారు, మనమూ కాచుకున్నాం! ఇద్దరం ఎదురుచూసేది ఆ ఒక్క వీరుడికే! ఆయన వచ్చిన రోజు శత్రువులందరూ ఆయన కాళ్ళకింద!" అందరూ మళ్ళీ చప్పట్లు. తాత చేతికర్ర ఆనించి యూదుల గురించి చెప్పిన మాట నాకు ముఖం మీద కొట్టినట్టు తగిలింది. వీధి ఆ కొసకు మెడ తిప్పుకుని, గుర్రం కోసం, తన్ని తరిమే రాజు కోసం కాచుకుని ఉన్నది మేమే. ఆ యూదుల్లో కత్తి కరిగే రోజు కోసం ఓర్పుగా కూర్చున్నవాళ్ళు ఉన్నారు. ప్లాస్టిక్ కత్తి పట్టుకుని వాళ్ళ పేరు కూడా మావాళ్ళు వాడుకుంటున్నారు. నాకు లోపలికి అడుగు పెట్టబుద్ధి కాలేదు. నోట్లో ఉమ్మి ఊరింది. చర్చి ఆవరణలో ఉమ్మకూడదని పెంచారు గనుక మింగాను.

కార్యదర్శి బయటికి వచ్చి, గుర్రంవాడికి మంచినీళ్ళు ఇచ్చి, గాడిదల ఆయన దగ్గరికి పోయాడు. నేను గేటుకు ఇవతల ఉన్నాను, మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"ఈయేడు జొన్నలు ల్యావప్పా. కమిటీలో తీసేసినారు. వచ్చే యేటికి గూడా గుర్రమే."

"నడిచింది గదన్నా, గాడిద?"

"యెనకాల నడిచె. యెనకాల నడిచేదానికి ఎవురన్నా జొన్నలిస్తారా?"

గాడిదల ఆయన నా వైపు చూశాడు. నేను ఏదైనా అంటానని ఎదురుచూశాడు. మా తాత అయితే ఒక్క మాటతో బస్తా దింపించేవాడు. నేను పంచె తీసి మడతపెట్టాను, పగ్గం అతని చేతికిచ్చాను.

"పొయ్యొస్తానమ్మా," అన్నాడు.

"సరేప్పా," అన్నాను.

గుడ్ ఫ్రైడే రాకముందే అతను గాడిదలన్నిటినీ కోస్తా బేరగాడికి అమ్మేశాడు. ఆ బూడిదరంగుదాన్ని కూడా, మాంసానికే.